ఫ్లోరైడ్ నీళ్లతో పెరిగిన దేహానికి కరాటే: నల్గొండ నుంచి ఒక కేస్ స్టడీ

నల్గొండలో కరాటే నేర్పే మాలాంటి వాళ్ల దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది బడి పిల్లలే. నలభై దాటిన ఆడవాళ్లు తమకోసం తాము వచ్చి చేరడం ఇప్పటికీ అరుదు. అలా వచ్చిన ఒకరి శిక్షణను మొదటి నుంచి ఇప్పటిదాకా ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఈ జిల్లాలో పెద్ద వయసు వారికి కరాటే గాని, జూడో గాని నేర్పేవారు పంచ్, కిక్ మొదలుపెట్టే ముందు, ఆ మనిషి చిన్నప్పుడు ఏ ఊళ్లో ఏ నీళ్లు తాగారో అడిగి తెలుసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. అందుకు కారణం ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

వచ్చిన కారణం

ఆమెకు నలభై ఒక్కేళ్లు. పట్టణంలో ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు, డ్రెస్సులు కుడతారు. పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు ఒక పల్లెలో. పెళ్లి తర్వాత నల్గొండకు వచ్చారు. ఒక సాయంత్రం కిరాణా సామాను తీసుకుని నడిచి వస్తుండగా, వెనక నుంచి బైక్ మీద వచ్చిన ఇద్దరిలో ఒకడు ఆమె మెడలోని పుస్తెలతాడు పట్టి గుంజాడు. తాడు తెగి సగం వాడి చేతికి పోయింది, సగం కొంగులో చిక్కుకుంది. ఆ ఊపుకు ఆమె రోడ్డు మీద బోర్లా పడ్డారు. అరచేతులు, మోకాళ్లు దోక్కుపోయాయి. గాయాలు కొద్ది రోజుల్లోనే మానినా, చీకటి పడితే గేటు దాటకపోవడం మాత్రం అలవాటుగా స్థిరపడిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు రక్తపరీక్ష చేయిస్తే, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే దాన్ని మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. మాత్రలు ఇప్పుడే అవసరం లేదని, రోజూ నడవాలని, నడుము కొలత తగ్గించుకోవాలని డాక్టర్ చెప్పారు. అయితే మన ఎండలకు నడవగలిగేది తెల్లవారుజామునో, పొద్దుగూకాకనో. ఆ రెండు వేళల్లోనూ వెనక బైక్ చప్పుడు వినిపిస్తే ఆమెకు కాళ్లు ఆడేవి కావు. భయం వల్ల నడక ఆగింది, నడక ఆగడం వల్ల షుగర్ అదుపులోకి రాలేదు. ఆరోగ్యం కోసం ఒక క్లాసు, ఆత్మరక్షణ కోసం ఇంకొక క్లాసు అని విడదీసి ఆలోచించే అవకాశమే ఈ కేసులో లేదు.

మొదటిరోజు ఆమె అడిగింది కూడా చాలా చిన్న కోరిక. "మాస్టర్, నాకు తన్నుడు గుద్దుడు అక్కర్లేదు. రోడ్డు మీద నా తొవ్వన నేను భయం లేకుండ నడవాలె, అంతే." వెంట వచ్చిన అత్తగారు మాత్రం "ఈ వయసుల గీ ఎగురుడేంది బిడ్డా" అని నాతోనే నేరుగా అన్నారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. నలభై దాటిన దేహాన్ని పదేళ్ల పిల్లల వరుసలో నిలబెట్టి ఎగిరిస్తే ఏం జరుగుతుందో పెద్దావిడకు అనుభవం మీద తెలుసు. "ఎగిరించనమ్మా, ముందు పడుడు, లేసుడు నేర్పిస్త" అని చెప్పాను.

మొదటి పరీక్ష

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగడం వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను ఊళ్లలో గుర్తుపట్టడానికి ఆరోగ్య కార్యకర్తలు చేయించే తేలికపాటి పరీక్షలు మూడున్నాయి. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి నేల మీది నాణేన్ని తీయడం మొదటిది. మెడ వంచి గడ్డాన్ని ఛాతీకి తాకించడం రెండవది. చేతులు పక్కలకు చాచి, మోచేతుల దగ్గర మడిచి, తల వెనుక భాగాన్ని తాకడం మూడవది. ఎముకల్లో, కీళ్ల చుట్టూ ఉండే బంధనాల్లో ఫ్లోరైడ్ పేరుకుని బిగుసుకుపోయినప్పుడు ఈ మూడింటిలో ఏదో ఒకటి, లేదా అన్నీ కష్టమవుతాయి. ఇవి రోగాన్ని నిర్ధారించే పరీక్షలు కావు, అనుమానం కలిగించేవి మాత్రమే.

ఇదే పరీక్షలను కరాటే నేర్పేవాడి కళ్లతో చూస్తే ఒక్కొక్కటి మన శిక్షణలో ఒక్కొక్క అంశానికి అర్హత పరీక్షలా ఉంటుంది. గడ్డం ఛాతీకి అంటని మనిషి వెల్లకిలా పడితే తల నేలకు కొట్టుకుంటుంది; జూడో నేర్పే చోట వెనక్కి పడటంలో మొట్టమొదట చెప్పేది గడ్డం లోపలికి ముడుచుకోమనే. చేతులు తల వెనక్కి చేరని మనిషి దెబ్బ పడుతున్నప్పుడు తలను కాచుకోలేరు. నడుము వంగని మనిషికి కాలెత్తి తన్నడం నేర్పితే ఆ భారమంతా వెన్ను కింది భాగం మీద పడుతుంది. పైసా ఖర్చు లేని ఈ మూడు పరీక్షలు మన జిల్లాలో ప్రతి కరాటే క్లాసు గుమ్మం దగ్గర జరగాలని కోరుకుంటున్నాను.

ఆమె ముందుకు వంగితే వేళ్లు మోకాలి కింద సగం దాకానే వచ్చాయి. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ల ఎడం మిగిలింది. చేతులు తల వెనక్కి చేరాయి గాని కుడిభుజం పట్టేసినట్టు ఉందన్నారు. ఏళ్ల తరబడి మిషన్ మీద ఒంగి కూర్చునే పని కూడా ఇందుకు కారణం కావచ్చు కాబట్టి, ఇంతవరకు చూసి నేను ఏ నిర్ణయానికీ రాలేదు.

అనుమానం బలపడింది పంచ్ దగ్గర. కరాటేలో సూటి పంచ్‌కు పిడికిలిని నడుము పక్కన, వేళ్ల వైపు ఆకాశాన్ని చూసేలా పెట్టుకుని, చేయి చాపుతూ చివరి క్షణంలో ముంజేతిని తిప్పి వేళ్ల వైపు నేలను చూసేలా ముగిస్తాం. ఆమె పిడికిలి సగం తిరిగి, బొటనవేలు పైకి ఉన్న స్థితిలోనే ఆగిపోయింది. ఇంకా తిప్పమంటే ముంజేయికి బదులు భుజం లేచి, మోచేయి పక్కకు తెరుచుకుంది. రెండు చేతులదీ అదే పరిస్థితి. పనివల్ల వచ్చిన బిగువైతే కత్తెర పట్టే కుడిచేతిలో ఎక్కువగానూ ఎడమచేతిలో తక్కువగానూ ఉండాలి కదా అనిపించింది. అప్పుడు అడిగితే, పదిహేడేళ్ల వయసు దాకా బోరు నీళ్లే తాగామని, తండ్రికి నడుము పూర్తిగా వంగిపోయిందని చెప్పారు.

ఈ జిల్లా వాళ్లకు ఈ కథ కొత్తది కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీటి వనరు లేనిచోట 1.5 దాకా అనుమతించవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లోని బోర్ల నీళ్లు ఆ హద్దును ఏనాడో దాటాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతికి దేశమంతటా 'నల్గొండ టెక్నిక్' అనే పేరే నిలిచిపోయిందంటే మన బాధ ఎంత పాతదో అర్థమవుతుంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక పుట్టిన పిల్లల పరిస్థితి వేరు. అంతకుముందు పెరిగిన తరం ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ మాత్రం నీళ్లు మారినంత మాత్రాన పోదు.

ఎముకల డాక్టర్ దగ్గరికి పంపితే ముంజేయి, వెన్నెముక, కటిభాగం ఎక్స్‌రేలు తీయించారు. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర అంచుల్లో సున్నం పేరుకున్న గీతలు కనిపించాయి. పొర అలా గట్టిపడితే ఒక ఎముక మీదుగా ఇంకొకటి తిరగదు, పిడికిలి సగంలో ఆగిపోవడానికి కారణం అదే. తొలిదశ స్కెలిటల్ ఫ్లోరోసిస్, అంటే ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ అని, వెన్నులో ఇంకా తీవ్రత లేదని డాక్టర్ చెప్పారు. ఈ స్థితిలో ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది గాని నిజానికి పెళుసుగా ఉంటుంది. అందుకని చేసుకోదగ్గవి, చేయకూడనివి ఆయన చేత కాగితం మీద రాయించుకున్న తర్వాతే శిక్షణ మొదలుపెట్టాం. ఎత్తు నుంచి పడటం, ముంజేతులు ఒకదానికొకటి కొట్టుకుని గట్టిపరుచుకునే సాధన, బోర్డు మీద పంచ్‌లు, ఎదుటివారితో కొట్లాట పోటీ, ఇవన్నీ వద్దని అందులో ఉంది.

పిల్లల కోసం రాసిన పాఠం

ఇక్కడ ఒక చరిత్ర చెప్పక తప్పదు. మన క్లాసుల్లో తెల్లబెల్టు వాళ్లకు మొదట నేర్పే హెయాన్ వరుస కటాలను, అంటే ఒక క్రమంలో కూర్చిన కదలికల పాఠాలను, జపాన్‌లోని ఒకినావా దీవుల్లో ఇతోసు ఆంకో అనే గురువు 1900ల తొలి దశకంలో, కరాటేను బడుల్లో ప్రవేశపెట్టిన కాలంలో, పిల్లల కోసం రూపొందించారు. అప్పట్లో వాటి పేరు పినాన్. 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించి అక్కడే ఉండిపోయిన ఫునాకోషి గిచిన్ తర్వాత వాటికి హెయాన్ అని పేరు మార్చారు. ఆయన స్వయంగా బడిపంతులు. అంటే మనం 'బిగినర్ సిలబస్' అనుకుంటున్నది అసలు బడిపిల్లల సిలబస్. వంగే వెన్ను, తిరిగే ముంజేయి, మోకాలి నొప్పి తెలియని కాళ్లు ఉన్నాయనే నమ్మకం మీద అది నిర్మితమైంది. దాన్ని నలభై ఏళ్ల మనిషికి యథాతథంగా అప్పగించడం విద్య పట్ల గౌరవం అనిపించుకోదు.

అయినా ఆ కటాలను నేను వదిలేయలేదు. ఆ వరుసలో మొదటిదైన హెయాన్ షోదాన్‌లో కదలికలు 21. అందులో నాలుగోది, ముందున్న కుడికాలిని వెనక్కి లాక్కుంటూ చేతిని గుండ్రంగా తిప్పి పిడికిలి అడుగుభాగంతో కొట్టడం, మణికట్టు పట్టుకున్నవాడి నుంచి విడిపించుకునే ఉపాయమే. ముంజేయి తిరగకపోయినా దీన్ని చేయవచ్చు. ఎందుకంటే ఇక్కడ పనిచేసేది వెనక్కి వేసిన అడుగుతో వచ్చే ఒంటి బరువు. పట్టుకున్న చేతిలో నాలుగు వేళ్ల వైపు బలం ఎక్కువ, బొటనవేలి వైపు సందు ఉంటుంది. మోచేతిని కిందికి, తన ఒంటికి దగ్గరగా ఉంచి ఆ సందులోంచి లాక్కుంటే పెద్ద బలం అవసరం లేదు. ఆమెకు మొదట వచ్చిన నమ్మకం ఈ ఒక్క కదలికతోనే వచ్చింది. మా క్లాసులో డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు శక్తికొద్దీ పట్టుకున్నా విడిపించుకోగలిగినప్పుడు, "మళ్లొకసారి పట్టు తమ్మీ, గట్టిగ పట్టు" అని ఆమే అడిగి పట్టించుకున్నారు.

శిక్షణ సాగిన తీరు

వారానికి మూడు సాయంత్రాలు, ఒక్కో పూట ముప్పావుగంట అనుకున్నాం. ఎండాకాలంలో పొద్దున అయిదున్నరకు మార్చుకున్నాం. మొదటి నెల పూర్తిగా పడటం, లేవడం, అడుగులు, గొంతు. ఆ నెలలో పంచ్ నేర్పలేదు.

పడటం గురించి కొంచెం విడమరిచి చెప్పాలి. కానో జిగోరో 1882లో జూడోను స్థాపించిన నాటి నుంచి ఆ విద్యలో 'ఉకెమి', అంటే దెబ్బ తగలకుండా పడటం, పునాదిగా ఉంది. ముందుకు పడేటప్పుడు రెండు ముంజేతులతో నేలను చరిచి ఆపుకోవడం అందులో మామూలు పద్ధతి. పెళుసు ఎముక ఉన్న ముంజేయికి అది పనికిరాదు. చేతులు చాచి అరచేతుల మీద పడటం, ఆమె రోడ్డు మీద పడిన తీరు, మణికట్టు విరగడానికి అన్నిటికంటే పెద్ద కారణం. అందుకని మూడో దారి వెతికాం. ముందుకు తూలగానే ఒక మోకాలు మడవాలి, ఒంటిని అటువైపు తిప్పాలి, మొదట పిక్క పక్కభాగం, తర్వాత తొడ, పిరుదు, ఆఖరున భుజం వెనుక భాగం వరుసగా నేలకు ఆనాలి. ముఖం అవతలి భుజం వైపు తిరిగి ఉండాలి. మ్యాట్ మీద మళ్లీ రెండు బొంతలు పరిచి, మొదట కూర్చున్న చోటి నుంచి పక్కకు ఒరగడంతో మొదలుపెట్టాం. తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత మోకాళ్ల మీద నిలబడి చేయించాను. నిలబడి పడటానికి నాలుగు నెలలు ఆగాం. వెల్లకిలా పడటాన్ని మెడ పరిస్థితి వల్ల పూర్తిగా పక్కన పెట్టాను.

గొంతు దగ్గర ఆమెకు పడటం కంటే ఎక్కువ కష్టమైంది. కరాటేలో పొట్టలోంచి ఊపిరి వదులుతూ అరిచే కియాయ్‌ను పిల్లలు ఆటగా నేర్చేసుకుంటారు. ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదని పెరిగిన ఆడమనిషికి, నలుగురి ముందు అరవడం సిగ్గుతో కూడిన పని. మొదట్లో ఆమె పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. జపాన్ అరుపును వదిలేసి, "ఏయ్, దూరం జరుగు!" అన్న మాటను అభ్యాసంగా పెట్టాను. మాటకు అర్థం ఉండేసరికి గొంతు కొంత కొంతగా తెరుచుకుంది. అరిచేటప్పుడు రెండు అరచేతులు ముందుకు చాచి, ఒక అడుగు వెనక్కి వేసి, ఎదుటివాడి ఛాతీ వైపు చూడటం కూడా అందులో భాగం.

పంచ్ మొదలుపెట్టాక ముంజేయిని తిప్పించలేదు. పిడికిలిని నిలువుగానే ఉంచి కొట్టే పంచ్ కరాటేలో పూర్వం నుంచీ ఉంది. దానితోపాటు అరచేతి మడమతో కొట్టడాన్ని మెత్తటి ప్యాడ్ మీద నేర్పాను. ఆత్మరక్షణకు పిడికిలి కంటే అరచేతి మడమే మేలని నా నమ్మకం. వేళ్ల ఎముకలు విరిగే ప్రమాదం తక్కువ.

మరో మార్పు దుస్తులది. క్లాసులో పంజాబీ డ్రెస్ వేసుకునేవారు, బయట మాత్రం చీర. ముందుకాలు బాగా ముందుకు వేసి నిలబడే జెంకుత్సు దాచి చీర కుచ్చిళ్లలో సాధ్యపడదు. కాలెత్తి తన్నడం మాట చెప్పనే అక్కర్లేదు. అందువల్ల వారంలో ఒక పూట చీరతో, చెప్పులతో, చేతిలో సంచితో సాధన చేయించాను. పొట్టి అడుగులు, మడమతో ఎదుటివాడి పాదం మీద తొక్కడం, మోకాలితో పొడవడం, సంచిని అడ్డుపెట్టడం, చెప్పులు విడిచి పరుగెత్తడం. ఏ దుస్తుల్లో ప్రమాదం ఎదురవుతుందో ఆ దుస్తుల్లో చేయని సాధనకు రోడ్డు మీద విలువ లేదు.

పుస్తెలతాడు విషయం విడిగా మాట్లాడుకున్నాం. గుంజినప్పుడు పట్టుకుని పెనుగులాడితే బైక్ వేగానికి మనిషి ఈడ్చుకుపోతుంది, మెడ కోసుకుపోతుంది. "పోతే పోనీ అక్కా, మెడ ముఖ్యం" అని చెప్పడం తేలికే, కానీ అది పుస్తెలతాడు. ఆమెకు ఆ మాట మింగుడుపడటానికి చాలాకాలం పట్టింది. చివరికి బయటికి వెళ్లేటప్పుడు తాడును జాకెట్ లోపలికి వేసుకుని కొంగును భుజాల చుట్టూ కప్పుకోవడం, బండ్లు ఎదురొచ్చే వైపు, అంటే రోడ్డుకు కుడిపక్కన నడవడం, సంచిని రోడ్డు వైపు కాకుండా గోడ వైపు పట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. నా లెక్కలో ఇవీ కరాటే సాధనే.

మధ్యలో ఒక ఇబ్బంది వచ్చింది. గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడే కిబా దాచి సాధనలో కుడిమోకాలు వాచింది. ఆ భంగిమ ఎత్తు పెంచి, సగమే కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టకుండా అంకెలు పైకి లెక్కపెట్టమన్నాను. ఊపిరి బిగిస్తే రక్తపోటు పెరుగుతుంది. ఆమెది ముందే 138/88 ఉంది. రెండు వారాల విశ్రాంతితో వాపు తగ్గింది.

చట్టం గురించి కూడా ఒక పూట కేటాయించాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. తనను కాపాడుకోవడానికి అవసరమైనంత మేరకే ఎదుటివాడికి హాని చేయవచ్చని 37వ సెక్షన్ హద్దు గీస్తుంది. కాబట్టి విడిపించుకున్న తర్వాత పారిపోవడమే సరైన పని, తిరిగి కొట్టడం కాదు. మెడలోని గొలుసు లాక్కుపోవడం 304వ సెక్షన్ కింద విడిగా నేరం. బండి నంబరు, రంగు, పోయిన దిక్కు గుర్తుపెట్టుకుని 100కు గాని 112కు గాని ఫోన్ చేయాలి. వెంటపడి వేధించేవాళ్ల విషయంలో రాష్ట్రంలో 2014 నుంచి పనిచేస్తున్న పోలీసు షీ టీమ్స్‌కు చెప్పవచ్చు. ఆ రోజు పుస్తెలతాడు పోయినప్పుడు ఆమె ఇంట్లో వాళ్లు ఫిర్యాదే ఇవ్వలేదు.

ఫలితాలు

దాదాపు పది నెలల తర్వాత చూసుకుంటే కొన్ని మారాయి, కొన్ని మారలేదు. ముంజేయి తిరగడంలో తేడా లేదు, ఉంటుందని నేను ఆశించలేదు. గడ్డానికీ ఛాతీకీ ఎడం ఒక వేలంత తగ్గింది. అది బహుశా మిషన్ పని వల్ల బిగిసిన కండరాలు వదులవడమే. వంగితే వేళ్లు చీలమండల దాకా వస్తున్నాయి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా అర నిమిషంలో లేచి కూర్చోవడం మొదట 9 సార్లు, ఇప్పుడు 15. నడుము 92 సెంటీమీటర్ల నుంచి 87కు వచ్చింది; భారతీయ స్త్రీలకు హద్దు 80 కాబట్టి ఇంకా దూరం ఉంది. హెచ్‌బీఏ1సీ 5.8. ఇందులో కరాటే వాటా ఎంత, నడక వాటా ఎంత, రాత్రి అన్నం తగ్గించుకున్న వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. పని చేసే కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే లోపలికి తీసుకోగలదు కాబట్టి తొడలకు, పిరుదులకు పని చెప్పే భంగిమల మేలు అందులో తప్పక ఉందనుకుంటున్నాను.

రోడ్డు సంగతికి వస్తే, ఆమె ఇప్పుడు తెల్లవారుజామున పొరుగింటామెతో కలిసి నడుస్తున్నారు. బైక్ చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ ఉలిక్కిపడతారట, కానీ కాళ్లు ఆగిపోకుండా పక్కకు జరిగి, తల తిప్పి చూస్తున్నారట. ఒకరోజు బస్టాండులో ఒకతను కావాలని ఆనుకుని నిలబడితే, అడుగు వెనక్కి వేసి "దూరం జరుగు!" అన్నారు. నలుగురూ తిరిగి చూశారు, అతను వెళ్లిపోయాడు. వానాకాలంలో తడి గచ్చు మీద జారినప్పుడు పక్కకు ఒరిగి పడ్డారు; తొడ కమిలింది, మణికట్టుకు ఏమీ కాలేదు. నేర్పినవాడిగా నాకు ఈ రెండో సంగతి మొదటిదానికంటే ఎక్కువ తృప్తినిచ్చింది, ఎందుకంటే ఆమె ఎముకలకు అసలు శత్రువు నేలే.

ప్రస్తుతం పసుపు బెల్టు పరీక్ష ప్రస్తావన నడుస్తోంది. పంచ్‌లో ముంజేయి పూర్తిగా తిరగకపోతే మార్కులు కోసే పద్ధతి ఉంది. ఆమె ఎక్స్‌రే నివేదికను జతచేసి, నిలువు పిడికిలిని అంగీకరించమని, వెల్లకిలా పడటాన్ని మినహాయించమని పరీక్షకులకు లేఖ రాశాను. జవాబు రావాల్సి ఉంది. ఏడాది పూర్తయ్యాక ఎముకల డాక్టర్ మరోసారి ఎక్స్‌రే చూస్తారు; అది వచ్చేదాకా నిలబడి పడే సాధనను ఒక బొంత మీదనే కొనసాగిస్తాం.